వెదురు పొద – పంచాయతీ పద్దు
గండికోట ప్రాంత గ్రామములకు కొన్ని సూచనలు

వెదురు మన పల్లెల కెంత అవసరమైన వస్తువో వేరుగ చెప్పనక్కరలేదు. పసిబిడ్డ ఉయ్యెల మొదలు కడపటి పాడె వరకు వెదురు లేక గడచు దినము పల్లెటూరిలో లేదు. చేట, జల్లెడ, గంప, తట్ట, తడిక, గాదె, నిచ్చెన, పెండ్లిపందిరి గుంజ, అరటిగెలకు ఊతకర్ర, ఇంటి కప్పునకు వాసము – ఇవి యన్నియు వెదురువే. వీనిలో కొన్నింటిని నేడు ప్లాస్టిక్ వస్తువులు తోసివేసినను, మేదరి పనివారల చేతి గంపకు, చేటకు గిరాకి పూర్తిగ తగ్గలేదు. తగ్గినది వెదురే. నల్లమల, లంకమల, పాలకొండల యందలి వెదురు ఒకప్పుడు చుట్టుపట్ల గ్రామములకు సులభముగ దొరకుచుండెను. ఇప్పుడు మేదరి కుటుంబములు బొంగు కొరకు దూరపు డిపోలకు పోవలసివచ్చుచున్నది. ఈ కారణము చేతనే గ్రామములందు, పంచాయతీ ఆధీనమునందలి భూములలో, వెదురు పెంచుట గురించి పలువురు సభ్యులు ఆలోచించుచున్నారు. ఆలోచన మంచిదే. కాని వెదురు నాటుట వేరు, వెదురును నిలుపుకొనుట వేరు. నాటిన పొదను ఒక్క వేలముతో పోగొట్టుకొనుట ఎంత సులభమో, దానిని నలువది ఏండ్లు కాపాడుకొనుట కేమి చేయవలెనో ఈ వ్యాసమునందు వివరింపదలచితిమి.

మొదట స్థలమును గురించి చెప్పుదుము. గండికోట ఎర్రమల కొండల నడుమ పెన్నా నది చీల్చుకొనిపోయిన లోయ ఒడ్డున నున్నది. కోటలోని పెద్ద ధాన్యాగారమును చూచినవారికి, కరవు ఈ సీమకు క్రొత్త చుట్టము కాదని వెంటనే తెలియును. 1652లో ఈ కోటకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవర్నియే దీని దుర్గమత్వమును గూర్చి వ్రాసియుంచెను. 1876–78 నాటి గొప్ప కరవు కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను ఎంత పాడుచేసినదో పెద్దల కథలలో నేటికిని వినవచ్చును. ఇట్టి నేలలో వెదురు పెరుగునా యను ప్రశ్నకు మేము తొందరపడి "పెరుగును" అని చెప్పజాలము.

మన కొండలలో సహజముగ పెరుగునది రెండు జాతుల వెదురు. ఒకటి సాధనపు వెదురు. దీనినే కొన్ని తావుల కంక యందురు. బొంగు లోపల రంధ్రము చిన్నది, ఒక్కొక్కప్పుడు గట్టిగ నిండియే యుండును. కర్రలకు, ఊతలకు, నిచ్చెనలకు ఇది శ్రేష్ఠము. రెండవది ముళ్ళ వెదురు. ఇది లావుగ, ఎత్తుగ పెరుగును గాని దీనికి తేమ ఎక్కువ కావలెను. మెట్టసీమకు తగినది సాధనపు వెదురే. అయినను అది కూడ సంవత్సరమునకు సుమారు 750 మిల్లీమీటర్ల వాన కురియు చోట హాయిగ పెరుగును. జమ్మలమడుగు, ముద్దనూరు, కొండాపురము ప్రాంతములలో మామూలు సంవత్సరమున అంత వాన పడదు. మంచి సంవత్సరమున పడినను రెండు మూడు పెద్ద వానలలో పడి, వంకలవెంట పెన్నలో కలిసిపోవును. కనుక, ఈ ప్రాంతమున వెదురును వాననీరు చేరి, నిలువక, ఇంకిపోవు చోటనే నాటవలెను గాని ఎల్లెడల నాటరాదు.

వంకల ఒడ్లు, చెక్‌డ్యాముల దిగువ, ఊట కుంటల ప్రక్కలు, కొండపాదమున గులకరాళ్ళు కలిసిన ఎర్రనేలలు – ఇవి తగిన స్థలములు. గండికోట చుట్టునున్న బోడి రాతిబండలపై గుంత త్రవ్వుట డబ్బును రాతిలో పూడ్చుటయే యగును. జమ్మలమడుగు దిక్కు నల్లరేగడి నేలలు కూడ ఈ వెదురునకు అంతగా పనికిరావు. వానకాలమున రేగడి నీరు పట్టియుంచును, వెదురు దుంప నీటిలో నానిన కుళ్ళును. గండికోట జలాశయము నీరు ఎక్కి దిగు అంచుభూములయందు నాటెదమని కొందరు చెప్పుచున్నారు. నీరు నెలల తరబడి నిలుచు మట్టమునకు పైన మాత్రమే అది సాధ్యము. ఆ భూములు నీటిపారుదల శాఖవి కనుక వారి అనుమతియు కావలెను.

మరియొక హెచ్చరిక. చెరువు కట్టపై వెదురు నాటుట మంచిదని వాడుకలో నొక మాట కలదు. వెదురు వేళ్ళు నేలపై మూడు నాలుగు అడుగుల మట్టిని చిక్కగ అల్లుకొని పట్టును. వంక ఒడ్డు కోసుకొనిపోకుండ ఇది ఎంతో మేలు చేయును. కాని నీటిని ఆపు మట్టికట్ట సంగతి వేరు. కట్టపై పొదలు పెరిగిన యెడల ఎలుకలు బొరియలు చేయును, చచ్చిన వేళ్ళ వెంట నీరు ఊరును, కట్ట ఎక్కడ బలహీనమైనదో కంటికి కనబడదు. 2021 నవంబరులో మన జిల్లాయందే చెయ్యేటిపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఎన్ని ప్రాణములు పోయినవో మరువలేము. ఆ కట్ట తెగుటకు కారణము వెదురు కాదు, అది వరద. అయినను కట్టలను శుభ్రముగ నుంచవలసిన అవసరమును ఆ దినము మనకు చక్కగ నేర్పినది. వెదురును కట్ట దిగువ, కట్టకు తగినంత ఎడముగ నాటవలెను.

ఇక పొద ఎట్లు బ్రతుకునో తెలిసికొనిన గాని దానిని ఎట్లు కోయవలెనో తెలియదు. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. జొన్న, వరి, చెరకు దీని దాయాదులు. దీని ప్రాణమంతయు నేలలోని దుంపలో నుండును. వానలు పడగానే దుంపనుండి లేత కొమ్ములు బయటికి వచ్చును. అవి రెండు మూడు మాసములలో తమ పూర్తి ఎత్తునకు పెరుగును. ఆ పిదప ఆ బొంగు ఎత్తు పెరుగదు, లావెక్కదు. మొదటి యేట అది లేతదే. లోపల నీరు, తీపి, పిండి పదార్థము నిండియుండును. రెండవ యేట గట్టిపడును. మూడవ యేటికి ముదిరి పనికివచ్చును. ఏడెనిమిది యేండ్లు దాటిన బొంగులు ఎండి, పుచ్చి, పొదలో నిలువున చచ్చును.

క్రొత్త కొమ్మునకు ఆహార మెచ్చటినుండి వచ్చును? ముందటి యేండ్ల బొంగుల ఆకులు సూర్యరశ్మితో చేసి దుంపలో దాచిన పిండినుండియే వచ్చును. కొమ్ము దుంపలోని నిల్వను తిని పెరుగును. పెద్ద బొంగులు ఆ నిల్వను మరల నింపును. పెద్దవారిని అందరిని ఒక్కసారి పంపివేసిన ఇంట పసివారి గతి యేమగునో, అన్ని బొంగులు నరికిన పొదలో కొమ్ముల గతి అదే. మరుసటి యేట వ్రేలంత సన్నని పుల్లలు గుబురుగ లేచును. దానిని చూచి "పొద బాగుగ చిగిర్చినది" అని సంతోషించువారు కలరు. అది చిగుర్చుట కాదు, కొస ప్రాణము.

కనుక కోతకు దేశమంతట అటవీ శాఖలు చాల కాలముగ పాటించు కొన్ని కట్టుబాట్లు కలవు. ఈ యేటి కొమ్మును, నిరుటి బొంగును ముట్టరాదు. ముదురు బొంగులలో కూడ కొన్నింటిని లేతవానికి ఊతగ, ఆహారముగ నిలుపవలెను. పొదకు వెలుపలి అంచుననే క్రొత్త కొమ్ములు వచ్చును గాన అంచులను నరికి నడుమ వదలరాదు. ఒక ప్రక్కనుండి గుర్రపు లాడమువలె దారి చేసికొని లోపలికి పోయి ముదురువానిని తీయవలెను. నేలకు 15 సెంటీమీటర్ల కంటె క్రిందుగ కోసిన దుంపమొగ్గ దెబ్బతినును. 45 సెంటీమీటర్ల కంటె పైన కోసిన మోళ్ళు దారికి అడ్డమై, మంచి సరకు వ్యర్థమగును. కణుపునకు వెంటనే పైన కోయవలెను. లేనిచో మోటిలో గిన్నెవలె నీరు నిలిచి దుంప కుళ్ళును, దోమలును చేరును. కొమ్ములు లేచు వానకాలమున పొదలోనికి కత్తితో పోనేకూడదు. దుంపను త్రవ్వుట మహాపరాధము. ఒక పొదను ఒకమారు కోసిన పిదప మూడేండ్లు దాని జోలికి పోరాదు.

ఇది లెక్కలో ఎట్లుండునో చూతము. ఒక పొదలో 40 బొంగులు ఉన్నవనుకొందము. ఈ యేటివి 6, నిరుటివి 6, ముదురువి 28. లేతవి 12 నిలుపవలెను. వానికి తోడు 8 ముదురువి నిలుపవలెను. కోయదగినవి 20. పొదలో 20 మిగులును. ఏటికి 6 చొప్పున మూడేండ్లకు 18 క్రొత్తవి వచ్చిన, పొదలో మరల 38 అగును. రెండవ కోతకు 18 వచ్చును. అటుపిమ్మట ప్రతి మూడేండ్లకు అంతే. పంచాయతీకి 60 పొదలున్న యెడల వానిని ఇరువదేసి చొప్పున మూడు కూపులుగ విభజించి, ఏటికొక కూపు కోసికొనిన, ప్రతి సంవత్సరము సుమారు 360 బొంగులు తప్పక లభించును. కరవు యేట క్రొత్తవి 6కు బదులు 2 మాత్రమే వచ్చిన? అప్పుడు కోతయు తగ్గింపవలెను. వాన తగ్గిన సంవత్సరమున, ఆదాయము తగ్గినదని మరింత కోయుట, కరవులో విత్తనపు గింజలు తినివేయుట వంటిది.

ఇప్పుడు అదే 60 పొదలను ఒక కంట్రాక్టరునకు ఒకే మొత్తమునకు వేలము పాడినామనుకొందము. అతనికి పొద మరునాడు బ్రతికిన నేమి, చచ్చిన నేమి? 2,400 బొంగులు ఒక్కసారి లారీ ఎక్కును. ఆ యేటి పంచాయతీ జమ ఘనముగ కనబడును. తరువాత పదియేండ్లు పద్దులో సున్న. ఆదాయమును తూచి చూచినను, న్యాయమును తూచి చూచినను, బొంగుల లెక్కన, పంచాయతీ మనిషి గుర్తు వేసిన బొంగులనే అమ్ముట మేలని మా అభిప్రాయము. గుర్తు వేయుటకు ఖర్చు పెద్దగ లేదు. ప్రతి యేట వానలు వెనుదీసిన పిమ్మట, ఆ యేటి క్రొత్త బొంగులకు మనిషి ఎత్తున ఒక రంగు మచ్చ పెట్టవలెను: ఒక యేట తెలుపు, మరు యేట ఎరుపు, ఆ పై యేట నీలము. అప్పుడు ఏది ఎన్నేండ్లదో చదువురాని కూలివాడు కూడ చెప్పగలడు. రంగు లేకున్నను అనుభవజ్ఞులైన మేదరులు గుర్తింతురు: క్రొత్తదానికి కణుపుల వద్ద పొరలు, పైన బూడిదవంటి పొడి యుండును, ముదిరినది పసుపు వన్నెకు తిరిగి, మచ్చలు పట్టి, కత్తి వెనుకభాగముతో కొట్టిన గణగణ మ్రోగును.

ఈ సందర్భమున పొరుగు రాష్ట్రపు అనుభవ మొకటి చెప్పదగియున్నది. కర్ణాటకమున కాగితపు మిల్లునకు 1958లో ప్రభుత్వము టన్ను వెదురును రూపాయిన్నరకే ఇచ్చెను. అదే వెదురును మేదరులు బజారులో ఎన్నో రెట్లకు కొనవలసివచ్చెను. వెదురు తరుగుచున్నదని విని 1970వ దశకమున శాస్త్రజ్ఞుడు మాధవ్ గాడ్గిల్, ఆయన సహచరులు అడవులలో తిరిగి పరిశీలించిరి. పొదల మొదళ్ళయందలి ముళ్ళకొమ్మలను తీసివేసిన యెడల కొమ్ములు చక్కగ పెరుగునని మిల్లువారు నమ్మి వానిని నరికించుచుండిరి. గ్రామస్థులు మాత్రము, ఆ ముళ్ళే కొమ్ములను పశువులనుండి కాపాడునని చెప్పుచుండిరి. పరిశీలింపగా గ్రామస్థుల మాటయే నిజమని తేలెను. ముళ్ళు తీసిన పొదలలో కొమ్ములను పశువులు, అడవిజంతువులు మేసివేసినవి. చదువుకొన్నవారు పల్లెవారి మాట వినక చేసిన నష్టములలో ఇది యొకటి. మన ప్రాంతమున మేకలు, గొర్రెలు ఎక్కువ. సాధనపు వెదురునకు ముళ్ళు లేవు. కావున నాటిన మొదటి మూడేండ్లు, ఆ పిదప ప్రతి వానకాలము, పొద చుట్టు సర్కారు తుమ్మ కంప వేయించుట తప్పనిసరి. ఆ కంప మన కెక్కడ చూచినను కావలసినంత కలదు. అది ఉపయోగపడు పని ఇదొకటైనను దొరకినందులకు సంతోషింపవచ్చును.

వెదురు గురించి పల్లెలలో భయముతో చెప్పుకొను మాట మరియొకటి కలదు: వెదురు పూచిన కరవు వచ్చునని. ఇందులో నిజమెంత? సాధనపు వెదురు సాధారణముగ 25 మొదలు 45 ఏండ్ల నడుమ ఒకసారి పూచును. ఒకే విత్తనమునుండి పుట్టినవి ఎక్కడ నున్నను ఇంచుమించు ఒకే కాలమున పూచి, గింజ పండి, పొదతో సహా చచ్చును. అడవి అంతయు ఒక్కసారి గింజ రాల్చినప్పుడు ఎలుకలు విపరీతముగ పెరిగి, గింజ అయిపోగానే పొలముల మీద పడును. మిజోరం కొండలలో సుమారు 48 ఏండ్ల కొకసారి పూచు వేరొక జాతి వెదురుతో ఇట్లు 1958–59లో ఘోర కరవు వచ్చినది. మరల 2006–08లో పూచినది. ఆ రెండవ సారికి సంవత్సరము ముందే తెలిసియుండుటచే కొంత సిద్ధపడిరి. మన సీమలో అంతటి వెదురు అడవి లేదు కనుక ఎలుకల భయము పెద్దది కాదు. పైగా పూర్వము కరవు దినములలో కొండ ప్రాంతముల వారు వెదురు బియ్యమేరి వండుకొని ప్రాణములు నిలుపుకొనిరి. మన భయము వేరు: పంచాయతీ 60 పొదలు ఒకే సంవత్సరమున చచ్చుట.

ఇక్కడ సభ్యులు మిక్కిలి జాగ్రత్తగ గమనింపవలసిన సంగతి కలదు. ముప్పది యేండ్ల ముదురు పొదనుండి దుంప త్రవ్వి గాని, కణుపు ముక్క కోసి గాని, ప్రయోగశాలలో కణజాలమునుండి గాని పెంచిన మొక్క చూపునకు పసిది. వయస్సున మాత్రము తల్లితో సమానము. తల్లి పూచినప్పుడు అదియు పూచి చచ్చును. అనగా నేడు నాటిన మొక్క, మొదటి కోత యైనను ఇవ్వక, అయిదారేండ్లలో పూచి పోవచ్చును. కనుక నర్సరీవారిని మొదట అడుగవలసిన ప్రశ్న "మొక్క వెల యెంత?" యని కాదు, "విత్తనపు మొక్కయా, కోత మొక్కయా? విత్తనమైన ఏ అడవిది, ఏ యేటిది? కోత మొక్క యైన తల్లి పొద వయస్సెంత?" అని. సమాధానము కాగితముపై వ్రాసి యియ్యనివాని మొక్కలు కొనరాదు. వీలైనంతవరకు విత్తనపు మొక్కలనే, అవియు రెండు మూడు వేర్వేరు చోట్ల నుండి తెప్పించి, రెండు మూడు సంవత్సరములలో విడతలుగ నాటిన, అన్నియు ఒకేసారి పూయవు. వెదురు గింజ ఏడాది దాటిన సరిగ మొలవదు కనుక పాత గింజను నమ్మరాదు. పొదలో ఎచ్చటనైన పూత కనబడిన వెంటనే అటవీ శాఖకు తెలుపవలెను; గింజ రాలిన తరువాతనే బొంగులు కోయవలెను; క్రింద మొలచు నారును మంటనుండి, మేకలనుండి రెండేండ్లు కాపాడిన, పొద తనంత తానే మరల పుట్టును. ఎండిన వెదురు తోపు వేసవిలో ఒక్క బీడీ ముక్కకు అంటుకొనును.

కోసిన బొంగు సంగతి ఇక చెప్పుదుము. ఏ సంరక్షణయు లేక నేలలో పాతిన వెదురు గుంజ ఒకటి రెండేండ్లకే చెదలు తినిపోవును. కప్పు క్రింద నున్నది నాలుగైదేండ్లు నిలుచును. తగిన విధమున శుద్ధి చేసినది కప్పు క్రింద పది పదునైదేండ్లు నిలుచును. అనగా అదే ఇంటి కప్పునకు మూడు మారులు పొదను నరుకుటకు బదులు ఒక్క మారు నరికిన చాలును. కరవు సీమలో పొదను కాపాడుటకు ఇంతకంటె సులువైన దారి లేదు. పుచ్చు పురుగు వెదురులోని పిండి కొరకు వచ్చును. వానకాలము గడచి, కార్తికము మొదలు మాఘము వరకు, బొంగులో పిండి తక్కువగ నుండును. ఆ మాసములలో కోసినదానికి పుచ్చు తక్కువ. అమావాస్యనాడు కోయవలెనని పెద్దలందురు; ఆ పట్టింపు వలన నష్టము లేదు గాని, వానకాలపు అమావాస్య కంటె మాఘపు పౌర్ణమి మేలని మా మనవి. కోసినవానిని రాళ్ళ బరువుతో నీటిలో నాలుగు వారములు తక్కువ కాకుండ ముంచియుంచి, పిదప నీడన నిలువుగ ఆరబెట్టవలెను. ఆ నీరు దుర్వాసన కొట్టును. త్రాగునీటి చెరువులో ఈ పని చేయించిన ఊరంతయు పంచాయతీని తిట్టును. అంతకంటె మంచిది వెలిగారము, బోరిక్ ఆమ్లము కలిపిన నీటిలో నానబెట్టుట. ఇది పురుగును, చెదలను ఆపును. అయితే వానకు కడిగివేయబడును గనుక నేలలో పాతు గుంజలకు చాలదు.

ప్రమాణములనగా ఇవియే. ప్రమాణము పట్టణపు ఇంజనీర్ల మాట యని పల్లెవారు తలపనక్కరలేదు. కుంచము, మానిక వలె, కొనువానికి అమ్మువానికి నడుమ తగవు లేకుండ చేయు కొలత అది. భారత ప్రమాణముల సంస్థ వెదురు బలమును పరీక్షించు విధానమును ఐ.ఎస్. 6874లో, కట్టడపు వెదురును శుద్ధి చేయు విధానమును ఐ.ఎస్. 9096లో, వెదురుతో కట్టడమును రూపొందించు పద్ధతిని 2012లో ఐ.ఎస్. 15912లో నిర్ణయించినది. 2016 నాటి జాతీయ కట్టడముల నియమావళిలో వెదురునకు వేరు భాగమే కలదు. అంతర్జాతీయ ప్రమాణముల సంస్థ వెదురు బొంగులను తరగతులుగ ఏర్పరచు పద్ధతిని 2018లో ప్రకటించి, వెదురు కట్టడముల ప్రమాణమును 2021లో సవరించినది. వీని సారాంశము మన భాషలో చెప్పిన నింతే: మూడేండ్లు దాటనిదానిని కట్టడమునకు వాడరాదు, చీలిక, పుచ్చు, వంకర ఉన్నదానిని వేరు పెట్టవలెను, లావు, గోడమందము, పొడవు కొలిచి ఒకే తరగతివి ఒక కట్టగ కట్టవలెను, ఆరినదా, శుద్ధి చేసినదా యనునది చెప్పి అమ్మవలెను. ఇట్లు వేరుచేసిన సరకునకు, కుప్పగ పోసిన సరకుకంటె ఎక్కువ ధర అడుగు హక్కు అమ్మువానికి వచ్చును. తరగతికి రానివి మేదరులకు, పందిళ్ళకు, తడికలకు పనికివచ్చును. ఏదియు వ్యర్థము కాదు.

చట్టమును గూర్చి క్లుప్తముగ. 1927 నాటి భారత అటవీ చట్టము వెదురును చెట్టుగ లెక్కించినది. 2017 నవంబరులో ఆర్డినెన్సు ద్వారా, పిదప సవరణ చట్టము ద్వారా, అడవి కాని భూములలో పెంచిన వెదురును ఆ నిర్వచనమునుండి తొలగించిరి. మన రాష్ట్రమునకు 1967 నాటి అటవీ చట్టము, దాని క్రింది రవాణా నియమములు వేరుగ కలవు కావున, బొంగులు లారీ ఎక్కించుటకు ముందు రేంజి అధికారినుండి వ్రాతమూలకముగ తెలిసికొనుట క్షేమము. అడవిలోని వెదురు సంగతి వేరు. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఫలసాయముగ పేర్కొనినది. ఆ హక్కును పొంది, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా లేఖా గ్రామసభ 2011 ఏప్రిలులో రవాణా పాసు పుస్తకమును తన చేతికి తీసికొని, వెదురును తానే అమ్ముకొనినది. శ్రీశైలము అడవుల చెంచువారికి ఈ చట్టము ముఖ్యము. మెట్టగ్రామములకు తమ బీడులు, మేతభూములు, తోపులే ఆధారము. పచ్చికబయలును వెదురు తోపుగ మార్చుటకు ముందు, గొర్రెల కాపరులను పిలిచి గ్రామసభలో మాట్లాడవలెను. వారి మేత పోయిన, కంప ఒక్క వేసవియు నిలువదు.

వెదురును "పచ్చ బంగారము" అని చెప్పి ఎకరమునకు లక్షల ఆదాయము చూపు ప్రకటనలు ఈ మధ్య ఎక్కువైనవి. ఆ లెక్కలు నీరు సమృద్ధిగ గల నేలలవి. అయిదు మీటర్ల ఎడమున నాటిన ఎకరమునకు సుమారు 160 మొక్కలు పట్టును. వాననీటిపై ఆధారపడిన మన నేలలో అవి అన్నియు నిలుచుననుకొనరాదు. పూర్వము రాజమహేంద్రవరము, కాగజ్‌నగర్ కాగితపు మిల్లులు వెదురును విస్తారముగ కొనెడివి. పిదప అవి ఎక్కువగ సుబాబులు, జామాయిలు వైపు తిరిగినవి. కొనువాడెవడో తెలియక నాటరాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును వెదురు పీల్చును గనుక అందుకు సొమ్మిత్తుమని వచ్చువారును కలరు. పీల్చుట నిజమే, కాని బొంగును కాల్చిన మరుక్షణము అది తిరిగి గాలిలో కలియును, ఇంటి కప్పులో ఇరువది యేండ్లు నిలిచిన, అంతకాలము అందులోనే యుండును. అట్టివారి ఒప్పందమును మండల అధికారులకు చూపకుండ సంతకము చేయరాదు.

మొదటి రెండు వేసవులు ప్రతి మొక్కకు నీరు పోయవలెను. మొక్క ప్రక్కన మట్టి కుండ పాతి నింపిన నీరు తక్కువ పట్టును. మొదలులో ఎండుటాకు, జొన్న చొప్ప మందముగ పరచిన తేమ నిలుచును. గుంతలను వేసవిలోనే త్రవ్వి ఎండనిచ్చి, తొలకరి వానకు పైమట్టి, పశువుల ఎరువు కలిపి నింపి, రెండవ వాన తడిపిన పిమ్మట నాటవలెను.

మొదటి కోత అయిదవ లేక ఆరవ యేటికి వచ్చును. పంచాయతీ గడువు అయిదేండ్లు. అనగా నాటు సభ్యులకు కోత ఆదాయము చూపుకొను భాగ్యము సాధారణముగ లేదు. కోయు సభ్యులకు నాటిననాటి సంగతులు తెలియవు. అందుచే పొదల కొరకు వేరుగ నొక గట్టి అట్ట పుస్తకము పెట్టి, ప్రతి పొదకు సంఖ్య వేసి, దాని యెదుట నాటిన తేది, మొక్క తెచ్చిన నర్సరీ, విత్తనపు ఊరు, యేడు, ప్రతి వానకాలము వచ్చిన కొమ్ముల లెక్క, కోసిన తేది, కోసిన బొంగులు, కొన్నవారి పేరు వ్రాయవలెను. ఏటికొకమారు గ్రామసభలో ఆ పుస్తకమును చదివి, మేదరులలో ఒకరిచేతను, గొర్రెల కాపరులలో ఒకరిచేతను, మహిళా సభ్యురాలు ఒకరిచేతను సంతకమో, వ్రేలిముద్రయో తీసికొనవలెను. కార్యదర్శి బదిలీపై పోవునప్పుడు నగదు పుస్తకముతో పాటు ఈ పుస్తకమును కూడ లెక్కించి అప్పగించుకొనవలెను.